రెల్లు పూలు, దీపపు పురుగులు, ఒడెస్సా మెట్లు

దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజుల్లో ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషా చిత్రం వచ్చేది. ఒక వారం బెంగాలీ, ఒక వారం మలయాళం, ఇంకో వారం కన్నడం. కింద ఇంగ్లీషులో అక్షరాలు పరిగెత్తేవి. మా వీధిలో వాటన్నిటికీ కలిపి ఒకటే పేరు: ‘అవార్డు సినిమా’. ఆ మాటలో కొంత గౌరవం ఉండేది, కొంత బెరుకూ ఉండేది. పాటలుండవు, ఫైట్లుండవు. దూరం నుంచి ఒక మనిషి నడిచొస్తుంటే అతను వచ్చేదాకా కెమెరా అక్కడే కాచుకుని ఉంటుంది. అన్నాలు తిని అందరూ నడుం వాల్చేవారు. నేను మాత్రం టీవీ ముందు కూర్చునేవాణ్ణి. అర్థమయ్యి కాదు. ఆ నిశ్శబ్దం నచ్చి.

ఆ మధ్యాహ్నాలు అంటించిన పిచ్చితో ఈ సినిమాల వెనకాల ఏళ్ళ తరబడి తవ్వుకుంటూ పోయాను. ఆర్ట్ సినిమా, ప్రయోగాత్మక సినిమా, సమాంతర సినిమా, పేరేదైతేనేం, ఎక్కడ తవ్వినా ఒకే సంగతి తగిలింది. తీసినవాడి చేతిలో ఏదో ఒకటి లేదు. ఫిల్ము లేదు, లైట్లు లేవు, డబ్బు లేదు, ఒక్కోసారి తీయడానికి అనుమతే లేదు. ఆ కొరతను దాటడానికి వాళ్ళు పట్టిన అడ్డదారే కొన్నేళ్ళకు అందరూ నడిచే రాదారి అయింది. ఈ రోజు ఫోన్‌లో మనం చూసే చిన్న వీడియోలో కూడా ఆ అడ్డదారుల జాడలున్నాయి.

ఫిల్ము లేని బడి

రష్యా విప్లవం తర్వాతి కరువు రోజుల్లో లెవ్ కులెషోవ్ మాస్కోలో సినిమా పాఠాలు చెప్పేవాడు. పాఠాలున్నాయి గానీ ముడి ఫిల్ము లేదు. అందుకని శిష్యుల చేత కెమెరా ముందు ఉన్నట్టే నటింపజేసి, వాటికి ‘ఫిల్ము లేని ఫిల్ములు’ అని పేరు పెట్టాడు. దొరికిన పాత రీళ్ళనే కోయడం, అతకడం, మళ్ళీ కోయడం. అలా అతికిన ఒక ముక్క ప్రపంచ ప్రసిద్ధమైంది. ఇవాన్ మొజూఖిన్ అనే నటుడి ముఖం, ఏ భావమూ లేనిది, ఒకటే షాటు. దాని పక్కన ఒకసారి సూపు గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి ఒక స్త్రీ. చూసినవాళ్ళు ఆకలిని, దుఃఖాన్ని, కోరికను ఎంత బాగా పలికించాడని నటుణ్ణి మెచ్చుకున్నారట. ముఖం మారలేదు, పక్కనున్న షాటు మారింది. ఆ రీలు ఇప్పుడు ఎక్కడా లేదు. కానీ మన సినిమాల్లో రియాక్షన్ షాట్ పడిన ప్రతిసారీ ఆ బడి పనిచేస్తూనే ఉంది.

జేబు నిండా రాళ్ళు

1929లో పారిస్‌లో లూయిస్ బున్యుయెల్ తన మొదటి సినిమా ‘అన్ షియెన్ అందలూ’ వేశాడు. ఇరవై నిమిషాలకు కాస్త అటూ ఇటూగా ఉండే ఆ సినిమాకి పెట్టుబడి వాళ్ళమ్మ ఇచ్చింది. కథ రెండు కలల్లోంచి పుట్టింది. సన్నటి మబ్బు చంద్రుణ్ణి కోసుకుంటూ పోతున్నట్టు, కత్తి కంటిని కోస్తున్నట్టు బున్యుయెల్‌కి కల వచ్చింది. అరచేతి నిండా చీమలు పాకుతున్నట్టు అతని మిత్రుడు, చిత్రకారుడు సాల్వడోర్ డాలీకి వచ్చింది. ఇద్దరూ కూర్చుని, కారణం చెప్పగలిగిన ఏ దృశ్యాన్నీ దగ్గరికి రానివ్వకూడదని నియమం పెట్టుకుని స్క్రిప్టు రాశారు. కన్ను కోసే షాటులో ఉన్నది దూడ కన్ను.

మొదటి ప్రదర్శన రోజు బున్యుయెల్ తెర వెనక నిలబడి గ్రామఫోను మీద ఒకసారి టాంగో రికార్డు, ఒకసారి వాగ్నర్ సంగీతం మార్చి మార్చి వేశాడు. జనం తిరగబడితే విసరడానికి జేబుల్లో రాళ్ళు నింపుకున్నాడు. రాళ్ళ అవసరం పడలేదు. చప్పట్లు కొట్టారు. అసలు గొడవ తర్వాతి సినిమా ‘లాజ్ డోర్’తో వచ్చింది. 1930 డిసెంబరులో స్టూడియో 28 అనే థియేటర్లో మతవాద, జాతివాద గుంపులు తెర మీద సిరా చల్లి, లాబీలో ప్రదర్శనకు పెట్టిన డాలీ, మిరో చిత్రాలను చింపేశాయి. ఆ సినిమా మీద నిషేధం దశాబ్దాల పాటు నడిచింది.

ఆసుపత్రి గదిలో దొరికిన నెలవంక

కార్ల్ డ్రెయర్ 1928లో తీసిన ‘ద ప్యాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్’ దాదాపు అంతా ముఖాలే. ఫాల్కొనెట్టి అనే రంగస్థల నటికి మేకప్ వేయకుండా, జుట్టు నున్నగా కత్తిరించి, అంత దగ్గర నుంచి అంతసేపు చూపించిన సినిమా అంతకు ముందు లేదు. అసలు నెగెటివ్ అదే ఏడాది అగ్నిప్రమాదంలో కాలిపోయింది. వాడకుండా మిగిలిన షాట్లతో డ్రెయర్ మళ్ళీ ఒకటి కూర్చాడు. అదీ కాలిపోయింది. అసలు రూపం ఇక దొరకదనుకునే డ్రెయర్ 1968లో కన్నుమూశాడు. 1981లో నార్వేలో, ఓస్లో దగ్గరి ఒక మానసిక చికిత్సాలయంలో సామాన్ల గది సర్దుతుంటే కొన్ని ఫిల్ము డబ్బాలు బయటపడ్డాయి. తీసి చూస్తే డ్రెయర్ మొదట కూర్చిన సినిమా. ఈ రోజు మనం చూస్తున్న ప్రింట్లకు మూలం అదే.

అదే కాలపు ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. జిగా వెర్తోవ్ ‘మ్యాన్ విత్ ఎ మూవీ కెమెరా’ 1929లో వచ్చింది. కథ లేదు, నటులు లేరు, మధ్యలో అక్షరాల కార్డులు లేవు. ఉన్నదల్లా ఒక నగరం, ఆ నగరాన్ని తీస్తూ తిరిగే ఒక కెమెరామన్. ఆ కెమెరామన్ వెర్తోవ్ తమ్ముడు మిఖాయిల్ కౌఫ్‌మన్. ఎడిటర్ భార్య ఎలిజవేతా స్విలోవా. సినిమా మధ్యలో పరుగు హఠాత్తుగా ఆగి ఫిల్ము ముక్కలు కనిపిస్తాయి, వాటిని ఏరి అతికిస్తున్న స్విలోవా చేతులు కనిపిస్తాయి. సినిమా తన వంటింటిని తానే తెరిచి చూపించిన ఆ నిమిషం నాకు మిగతా సినిమా అంతటికన్నా ఇష్టం. 2014లో లండన్ పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ అడిగినప్పుడు విమర్శకులు దీన్నే అన్ని కాలాల్లోకీ ఉత్తమ డాక్యుమెంటరీగా ఎంచారు.

పశువులు మేసిన సీను

ఇటలీలో విట్టోరియో డి సికా ‘బైసికిల్ థీవ్స్’కి పెట్టుబడి వెతుకుతుంటే ఒక హాలీవుడ్ నిర్మాత డబ్బిస్తానన్నాడు, క్యారీ గ్రాంట్‌ని హీరోగా పెట్టుకుంటే. డి సికా ఒప్పుకోలేదు. ఫ్యాక్టరీలో పనిచేసే లంబెర్తో మజొరానీని తెచ్చి సైకిలు పోగొట్టుకున్న తండ్రిగా నిలబెట్టాడు. 1950లో ప్రకటనల కంపెనీ పని మీద లండన్ వెళ్ళిన సత్యజిత్ రాయ్ ఆ సినిమా చూశాడు. స్టార్లు లేకుండా, వీధుల్లోనే, ఉన్న వెలుగులోనే సినిమా తీయవచ్చన్న ధైర్యం తెచ్చుకుని తిరుగు ప్రయాణంలో ఓడ మీదే ‘పథేర్ పాంచాలి’ రాసుకోవడం మొదలుపెట్టాడు.

1952 జనవరిలో మన దేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం బొంబాయిలో మొదలై ఢిల్లీ, కలకత్తా, మద్రాసులకు కూడా వెళ్ళింది. మన స్టూడియోలన్నీ మద్రాసులోనే ఉన్న రోజులవి. సైకిలు దొంగల కథ అలా ఇక్కడి తెర మీదికి కూడా వచ్చింది. మరుసటి ఏడే బిమల్ రాయ్ ‘దో బీఘా జమీన్’లో బలరాజ్ సాహ్నీ చేత కలకత్తా రోడ్ల మీద రిక్షా లాగించాడు.

అదే 1952 అక్టోబరులో సత్యజిత్ రాయ్ షూటింగు మొదలుపెట్టాడు. ఉద్యోగం వదల్లేదు కాబట్టి ఆదివారాలే పని. మొదటి రోజు తెల్లగా విరబూసిన రెల్లు పొలంలో అక్కాతమ్ముళ్ళు దుర్గ, అపు కనిపించే షాట్లు తీశారు. సగం మిగిలింది. మళ్ళీ ఆదివారం వెళ్ళి చూస్తే పొలంలో ఒక్క పువ్వు లేదు. వారంలో పశువులు మేసేశాయి. రెల్లు మళ్ళీ పూసేదాకా, అంటే మరుసటి ఏడాది దాకా ఆగారు. ఆ రెల్లు దుబ్బుల అవతల రైలు పోయే దృశ్యం చూసినప్పుడల్లా, దానికి సగం ఒక ఏడాది గాలి, సగం ఇంకో ఏడాది గాలి తగిలిందని గుర్తొచ్చి ఒళ్ళు జలదరిస్తుంది.

డబ్బు అయిపోయి షూటింగు ఆగింది. భార్య నగలు తాకట్టుకు వెళ్ళాయి, రికార్డులు అమ్ముడుపోయాయి. చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆదుకుంది. సినిమా పేరుకు అర్థం ‘దారి పాట’ కాబట్టి రోడ్ల పద్దులోంచి ఆ డబ్బు ఇచ్చారని చెబుతారు. దాదాపు మూడేళ్ళు నడిచిన ఆ పనిలో మూడు అద్భుతాలు జరిగాయని రాయ్ తర్వాత చెప్పుకున్నాడు. అపు గొంతు మారలేదు, దుర్గ ఎదిగిపోలేదు, ముసలి అత్తగా వేసిన ఎనభై ఏళ్ళ చునీబాలా దేవి ప్రాణాలతో నిలబడింది.

కెమెరామన్ సుబ్రత మిత్రకు అప్పుడు 21 ఏళ్ళు. అంతకు ముందు సినిమా కెమెరా ముట్టుకోలేదు. రెండో సినిమా ‘అపరాజితో’కి కాశీ ఇంటి లోగిలిని కలకత్తా స్టూడియోలో సెట్టు వేయాల్సి వచ్చింది. కాశీ ఇళ్ళలో ఎండ నేరుగా పడదు, పైనుంచి మెత్తగా దిగుతుంది. స్టూడియో లైట్లు వేస్తే మనిషికి నాలుగు నీడలు. అతను సెట్టు పైన తెల్లగుడ్డ పరిచి, లైట్లను కిందికి కాకుండా ఆ గుడ్డ మీదికి కొట్టాడు. వెలుగు వెనక్కి చెదిరి దిగింది, నీడలు మాయమయ్యాయి. ఈ రోజు ఏ తెలుగు షూటింగుకి వెళ్ళినా నటుడి పక్కన లైట్‌మన్ థర్మాకోల్ షీటు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆ షీటుకి ఈ గుడ్డే అక్క.

నల్లటి వాన

‘రషోమన్’లో జపాన్ దర్శకుడు కురోసావాకి వాన కావాలి. ఫైరింజన్లతో కురిపించాడు. బూడిదరంగు ఆకాశం ముందు నీళ్ళు కెమెరాకి ఆనలేదు. రాతసిరా కలిపి నల్లటి వాన కురిపించాడు. 1951లో వెనిస్‌లో ఈ సినిమాకి బంగారు సింహం వచ్చింది. అది పోటీకి వెళ్ళిన సంగతే కురోసావాకి అప్పటిదాకా తెలియదు. ఒకే ఘటనను నలుగురు నాలుగు రకాలుగా చెప్పే ఆ పద్ధతి 1954కల్లా మద్రాసు చేరింది. ఎస్. బాలచందర్ ఒక్క పాట కూడా పెట్టకుండా ‘అంద నాళ్’ తీశాడు. యాభై ఏళ్ళ తర్వాత కమల్‌హాసన్ ‘పోతురాజు’లో జైల్లో ఇద్దరు ఖైదీలు ఒకే కథను రెండు రకాలుగా చెప్పినప్పుడు థియేటర్లో ఎవరికీ అది వింతగా అనిపించలేదు.

చక్రాల కుర్చీలో కెమెరా

ఈ రోజు యూట్యూబ్‌లో మాట్లాడే ప్రతి పిల్లాడూ ఊపిరి తీసుకున్న చోటల్లా కోసి అతికిస్తాడు. మనిషి ఉన్నచోటే ఉండి తల మాత్రం టక్కున జరుగుతుంది. జంప్ కట్. జాన్ లుక్ గొదార్ 1960లో ‘బ్రెత్‌లెస్’ విడుదల చేసే నాటికి అది చేతగానితనం కింద లెక్క. సినిమా మరీ పొడుగైంది, తగ్గించాలి. సీన్లు తీసేయడానికి బదులు గొదార్ సీన్ల లోపలే కోశాడు. కారులో అమ్మాయి మెడ వెనక పారిస్ వీధులు ఎగిరెగిరి మారిపోతాయి.

ట్రాలీకి డబ్బుల్లేవు. కెమెరామన్ రవూల్ కుతార్‌ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి గొదారే తోశాడు. వీధిలో జనం కెమెరా వైపు చూడకుండా అతన్ని టపా బండిలో దాచి లాక్కెళ్ళారు. రాత్రి సీన్లకి తట్టుకునే సినిమా ఫిల్ము దొరకలేదు. ఫోటోగ్రాఫర్లు వాడే ఇల్‌ఫర్డ్ రోళ్ళు కొని, ఒకదాని చివర ఒకటి అతికించి కెమెరాకి ఎక్కించారు. అలా ఒక్కో ముక్కా 17 మీటర్ల చిల్లర.

లిప్‌స్టిక్ ఖర్చుతో

మాయా డెరెన్ కీవ్‌లో పుట్టి చిన్నప్పుడే అమెరికా చేరిన అమ్మాయి. తండ్రి పోయాక వచ్చిన కొద్ది డబ్బుతో పాత 16 ఎంఎం బోలెక్స్ కెమెరా కొంది. 1943లో లాస్ ఏంజెలెస్‌లో తామున్న ఇంట్లోనే, భర్త అలెగ్జాండర్ హామిద్‌తో కలిసి ‘మెషెస్ ఆఫ్ ది ఆఫ్టర్‌నూన్’ తీసింది. అర్థం చెప్పబోతే జారిపోయే సినిమా. తాళంచెవి కత్తిగా మారుతుంది, ముసుగు కింద ముఖానికి బదులు అద్దం ఉంటుంది, ఒకే స్త్రీ ముగ్గురై ఒకే బల్ల చుట్టూ కూర్చుంటుంది. హాలీవుడ్ లిప్‌స్టిక్‌కి పెట్టే ఖర్చుతో తన సినిమాలు తయారవుతాయని ఆమె చెప్పుకునేది.

చూపించే థియేటర్ ఏదీ? 1946లో న్యూయార్క్‌లో ఒక చిన్న నాటకశాలను తానే అద్దెకు తీసుకుని వేసింది. జనం పట్టలేదు. ఆ ఉత్సాహం చూసి ఆమోస్ వోగెల్ మరుసటి ఏడాది ‘సినిమా 16’ అనే ఫిల్ము సొసైటీ పెట్టాడు. దానికి ఒక దశలో 7,000 మంది సభ్యులున్నారు. మన దేశంలో రాయ్, చిదానంద దాస్‌గుప్తా కలకత్తా ఫిల్ము సొసైటీ పెట్టిందీ అదే 1947లో. హైదరాబాదులో ఉస్మానియా విద్యార్థిగా శ్యామ్ బెనెగల్ పెట్టిన సొసైటీ కొన్నేళ్ళ తర్వాతి మాట. ఆయన దగ్గరికి మళ్ళీ వస్తాను.

స్టాన్ బ్రాకేజ్ కథ విన్నాక దీపం పురుగును నేను ఎప్పట్లా చూడలేకపోయాను. ఇంటి దీపానికి ఎగబడి మాడిపోతున్న పురుగులను చూస్తూ, డబ్బు లేక తన బతుకూ అలాగే ఉందనుకున్నాడతను. ఫిల్ము కొనే స్తోమత లేదు. చచ్చిన పురుగుల రెక్కలు, పూరేకులు, గడ్డిపరకలు ఏరి, ఫిల్ము వెడల్పున్న పారదర్శకమైన టేపు మధ్య పరిచి అతికించాడు. దాని నుంచే ప్రింట్లు తీయించాడు. కెమెరా అన్న మాటే లేదు. 1963లో వచ్చిన ఆ నాలుగు నిమిషాల సినిమా పేరు ‘మాత్‌లైట్’. చచ్చిన రెక్కలు తెర మీద మళ్ళీ కొట్టుకుంటాయి.

అంతకు చాలా ముందే లెన్ లై అనే ఆయన నేరుగా ఫిల్ము మీదే రంగులు పూసి ‘ఎ కలర్ బాక్స్’ చేశాడు. 1935 నాటి ఆ రంగుల నాట్యం నిజానికి బ్రిటిష్ తపాలా శాఖ వారి పార్సిల్ ప్రకటన. హిచ్‌కాక్ ‘వెర్టిగో’ టైటిల్స్‌లో కళ్ళు తిరిగేలా చుట్టుకునే సుడులు తెలుసు కదా? వాటిని గీసినది యుద్ధంలో విమానాల మీదికి తుపాకీ గురిపెట్టే యంత్రం. జాన్ విట్నీ అనే ప్రయోగశీలి దాన్ని సంపాదించి బొమ్మలకు తిప్పుకున్నాడు. ఇక కెనెత్ యాంగర్ 1963లో ‘స్కార్పియో రైజింగ్’లో మాటలు తీసేసి 13 పాప్ పాటలు వరసగా వాడాడు. మార్టిన్ స్కోర్సెసీకి ఆ దారి బాగా తలకెక్కింది. తర్వాత వచ్చిన మ్యూజిక్ వీడియోలన్నీ ఆ సినిమాకి బంధువులే.

న్యూస్‌రీలులో దూరిన ప్రయోగం

పాతకాలంలో ఏ ఊరి టాకీసులోనైనా అసలు సినిమాకి ముందు ఫిల్మ్స్ డివిజన్ వారి రీలు వేసి తీరాలి. వరదలు, ప్రాజెక్టులు, మంత్రుల శంకుస్థాపనలు. అవి అయ్యేదాకా మగవాళ్ళు బయట సిగరెట్లు కాల్చుకునేవారు. 1960లలో ఆ రీళ్ళలోనే ప్రమోద్ పతి తీసిన ‘ఎక్స్‌ప్లోరర్’ లాంటి ఏడు నిమిషాల మెరుపు దాడులు ఉన్నాయి. చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ 1967లో రాజస్థాన్ వెళ్ళి ఆవు, గొడుగు, లాంతరు, చెప్పు, ఇలా మాట లేకుండా పేర్చిన ‘త్రూ ది ఐస్ ఆఫ్ ఎ పెయింటర్’కి బెర్లిన్‌లో బంగారు ఎలుగుబంటి వచ్చింది. ప్రపంచంలో ఇంకెక్కడా ప్రయోగాత్మక సినిమాకి ఇన్ని థియేటర్లు దొరికి ఉండవని నా నమ్మకం.

ఫిడేలు వాయించిన చేతులే

మన వాళ్ళ సంగతుల్లో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది నెల్లూరు పఠాభి కథ. తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ అచ్చేసి ఛందస్సు పండితులకు నిద్ర లేకుండా చేసిన కవి. తర్వాత మద్రాసులో కె.వి. రెడ్డితో ‘పెళ్ళినాటి ప్రమాణాలు’ లాంటి నిండైన జనరంజక చిత్రాలకు డబ్బు పెట్టిన నిర్మాత. అలాంటి మనిషి యాభయ్యో ఏట, తెలుగులో కాదు, కన్నడంలో మొదటిసారి దర్శకుడయ్యాడు. యు.ఆర్. అనంతమూర్తి నవల ‘సంస్కార’. అగ్రహారంలో ఆచారం తప్పిన ఒక బ్రాహ్మడు చచ్చిపోతే శవాన్ని ఎవరు ముట్టుకోవాలన్న ప్రశ్న. గిరీశ్ కర్నాడ్ స్క్రీన్‌ప్లే రాసి ప్రాణేశాచార్యులుగా వేశాడు. కెమెరా టామ్ కోవన్ అనే ఆస్ట్రేలియా అతనిది. శృంగేరి దగ్గరి పల్లెలో తీశారు.

మద్రాసు సెన్సారు వారు సినిమాని నిషేధించారు. ఢిల్లీ దాకా వెళ్ళి అనుమతి తెచ్చుకున్నారు. ఆ సినిమాకే 1970 సంవత్సరపు ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం వచ్చింది, కన్నడానికి మొట్టమొదటిది. కన్నడ నవ్యసినిమా అక్కడి నుంచి మొదలైందని వాళ్ళే రాసుకుంటారు. ఆ మొదలులో ఒక తెలుగు కవి చెయ్యి ఉందన్నది మనం ఎందుకో తక్కువగా చెప్పుకుంటాం. అందులో చంద్రిగా వేసింది పఠాభి భార్య స్నేహలత. ఎమర్జెన్సీలో ఆమెను బెంగుళూరు జైల్లో పెట్టారు. ఉబ్బసంతో బాధపడుతూ ఎనిమిది నెలలు గడిపి, పెరోలు మీద బయటికి వచ్చిన కొద్ది రోజులకే, 1977 జనవరిలో, కన్నుమూసింది.

మన భాషలోకి బయటివాళ్ళూ వచ్చారు. మృణాల్ సేన్ 1977లో ప్రేమ్‌చంద్ కథ ‘కఫన్’ని తెలుగు పల్లెకు తెచ్చి ‘ఒక ఊరి కథ’ తీశాడు. ఆయనకు తెలుగు రాదు. తండ్రి వెంకయ్యగా వేసిన వాసుదేవరావు కన్నడ నటుడు, కోడలుగా వేసిన మమతాశంకర్ బెంగాలీ. అయినా అందులో ఆకలి ఏ యాసలో మాట్లాడుతుందో తెలుగువాడికి తప్పక తెలుస్తుంది. పనిచేస్తే దొర బాగుపడతాడు గాని తాను కాదని తేల్చుకుని పనే మానేసిన వెంకయ్య మొండితనాన్ని నేను ఇప్పటికీ పూర్తిగా ఖండించలేను, సమర్థించలేను.

తిరుమలగిరిలో పుట్టిన బెనెగల్ చదువుకునే రోజుల్లో రాసుకున్న కథ ‘అంకుర్’. పదేళ్ళ పైగా నిర్మాతల చుట్టూ తిరిగాడు. ఈలోగా వందల కొద్దీ ప్రకటనల సినిమాలు తీశాడు. చివరికి ప్రకటనల రీళ్ళు పంచే బ్లేజ్ వాళ్ళే డబ్బు పెట్టారు. 1974లో తెర మీద తెలంగాణ పొలం, తెలంగాణ దొర, మాట దక్కనీ. చివర్లో ఒక పిల్లాడు దొర కిటికీ మీదికి రాయి విసురుతాడు. తెరంతా ఎర్రబడుతుంది.

ఆ రాయి పడ్డ చోటే ఇంకో అయిదేళ్ళకు ‘మా భూమి’ వచ్చింది. నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. దర్శకుడు గౌతమ్ ఘోష్‌కి అదే మొదటి కథాచిత్రం. మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల. గద్దర్ తెర మీద గొంగడితో నిలబడి పాడతాడు. 1988లో నర్సింగరావే ‘దాసి’ తీశాడు. గడీలో బతుకు ఈడ్చే ఆడబాపను అంత నిశ్శబ్దంగా చూపిన సినిమా ఇంకోటి లేదు. దానికి అయిదు జాతీయ పురస్కారాలు. అర్చన ఉత్తమ నటి, ఛాయాగ్రహణం ఎ.కె. బీర్‌ది. కళాదర్శకత్వానికి పురస్కారం అందుకున్నది చిత్రకారుడు తోట వైకుంఠం. ఎర్రబొట్టు, ముదురు రంగుల చీరలతో ఆయన గీసే తెలంగాణ స్త్రీలను క్యాలెండర్ల మీద చూసినవాళ్ళు ఒకసారి ‘దాసి’ చూడాలి. రంగులన్నీ తీసి పక్కన పెట్టేసినట్టుంటుంది.

ప్రయోగానికి ఇల్లంతా కలిసి నవ్విన సందర్భం కూడా మనకుంది. సింగీతం 1987లో ‘పుష్పక విమానం’లో ఒక్క మాట కూడా లేకుండా రెండు గంటలు నడిపించాడు. సినిమా హాలు ఫైటింగు చప్పుళ్ళ మధ్య నిద్రపోవడం అలవాటైన నిరుద్యోగికి అయిదు నక్షత్రాల హోటల్ నిశ్శబ్దంలో నిద్ర పట్టదు. ఆ చప్పుళ్ళు టేపులో రికార్డు చేసి తెచ్చుకుని వేసుకుంటాడు. శబ్దం గురించి అంతకు మించిన పాఠం నాకు ఎవరూ చెప్పలేదు.

పొడుగు, పొట్టి

ఆండీ వార్హోల్ 1964లో ఒక రాత్రి కెమెరాని ఎంపైర్ స్టేట్ భవనం వైపు పెట్టి కదపకుండా ఉంచాడు. ఆ సినిమా నిడివి ఎనిమిది గంటల పైనే. కళ్ళు కనిపించకుండా పోతున్న రోజుల్లో డెరెక్ జార్మన్ 1993లో ‘బ్లూ’ చేశాడు. గంటకు పైగా తెర మీద నీలి రంగు తప్ప ఏమీ లేదు, వినేది మాత్రమే ఉంది. క్రిస్ మార్కర్ ‘లా జెటే’ 28 నిమిషాలు, అన్నీ కదలని ఫోటోలే. ఒకేఒక్క చోట, నిద్రపోతున్న స్త్రీ కళ్ళు తెరిచి రెప్పలు ఆడిస్తుంది. కదిలే బొమ్మ అంటే ఏమిటో పిల్లవాడిలా మొదటిసారి చూసినట్టుంటుంది. హాలీవుడ్ వాళ్ళు ‘ట్వెల్వ్ మంకీస్’ అల్లుకున్నది దీని మీదే.

బెల్జియం అమ్మాయి షాంతాల్ అకెర్మన్ పాతికేళ్ళ వయసులో తీసిన ‘జాన్ డీల్‌మన్’ 201 నిమిషాలు. ఒక ఇల్లాలు మూడు రోజులు వండుతుంది, పక్క సర్దుతుంది, గిన్నెలు కడుగుతుంది. బంగాళాదుంపలు చెక్కు తీయడం మొదలుపెడితే అయ్యేదాకా మనం చూడాల్సిందే. 1952 నుంచి పదేళ్ళకోసారి జరిగే ‘సైట్ అండ్ సౌండ్’ ఎన్నికలో 2022లో ఇది మొదటి స్థానానికి వచ్చింది. స్త్రీ తీసిన సినిమా అక్కడికి చేరడం అదే మొదటిసారి. చాలామంది కోపగించుకున్నారు. నాకు మాత్రం మధ్యాహ్నం పూట మా ఇళ్ళలో ఆడవాళ్ళు చేసిన పని ఇన్నాళ్ళూ ఏ సినిమా లెక్కలోకీ రాలేదని తెలిసొచ్చింది.

ఇరాన్‌లో జఫర్ పనాహీకి 2010లో ఇరవై ఏళ్ళు సినిమా తీయకూడదని శిక్ష పడింది. మరుసటి ఏడాదే ఇంట్లోనే ఉండి ‘ఇది సినిమా కాదు’ అని పేరు పెట్టి ఒకటి తీశాడు. పెన్‌డ్రైవ్‌ని కేకులో దాచి కాన్ ఉత్సవానికి చేర్చారు. 2025లో అదే కాన్‌లో అత్యున్నత పురస్కారం పామ్ డోర్ అతనికే వచ్చింది.

మెట్లు

1925లో ఐసెన్‌స్టీన్ ‘బ్యాటిల్‌షిప్ పొటెంకిన్’ తీశాడు. అందులో ఒడెస్సా రేవు మెట్ల మీద సైనికులు జనాన్ని కాలుస్తూ దిగుతారు. పసిబిడ్డ ఉన్న బండి మెట్ల మీదుగా జారిపోతుంది. ఆ బండిని హాలీవుడ్ వాళ్ళు 1987లో ‘ది అన్‌టచబుల్స్’లో రైల్వేస్టేషను మెట్ల మీదికి తెచ్చారు. అంతకు మూడేళ్ళ ముందే కేరళలో దాన్ని ఇంకోలా అందుకున్నారు.

1984లో దర్శకుడు జాన్ అబ్రహం, మిత్రులు కోళికోడ్‌లో ఒక బృందం కట్టి దానికి ‘ఒడెస్సా’ అని పేరు పెట్టారు. జాన్ పూణె సినిమా బడిలో ఋత్విక్ ఘటక్ శిష్యుడు, మణి కౌల్ దగ్గర పనిచేసినవాడు. నిర్మాత ఎవరూ వద్దనుకున్నారు. 16 ఎంఎం ప్రొజెక్టరు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, చాప్లిన్ ‘ది కిడ్’ లాంటివి వేసి, చూసినవాళ్ళ దగ్గర రూపాయీ రెండు రూపాయలూ చందా పట్టారు. ఆ చిల్లరతో 1986లో ‘అమ్మ అరియాన్’ తయారైంది. చనిపోయిన కుర్రాడి కబురు వాళ్ళమ్మకు చెప్పడానికి ఒకడు వయనాడులో బయలుదేరతాడు. దారిలో ఒక్కో ఊళ్ళో ఒక్కో స్నేహితుడు వచ్చి కలుస్తాడు. కొచ్చిన్ చేరేసరికి పెద్ద గుంపవుతుంది. సినిమా పూర్తయ్యాక టిక్కెట్ల హాళ్ళను నమ్ముకోకుండా, అదే ప్రొజెక్టరు పట్టుకుని మళ్ళీ ఊళ్ళకే తీసుకుపోయి చూపించారు.